మూటల్లో వచ్చే కాలేజీ

అక్కడ్నుంచి కాదు తల్లీ. కాలేజీ గేటు దగ్గర మొదలుపెడితే మీ అన్నయ్య రెండు ముక్కలు విని ఫోను పెట్టేస్తాడు. మూటల దగ్గర్నుంచి రాయి. మీ వదిన అని కాదు, కోడలు అని రాయి. నా సంగతి వచ్చిన చోట మామగారు అని రాయి. కూతురివి కదా అని నేను చేసింది మెత్తగా రాయకు. రాస్తున్నావా? సరే.

సోమవారం పొద్దున ఏడున్నరకి హాస్టలు మూటలు దిగాయి. లాండ్రీ వెనక షెడ్డులో గోడవారగా వాటిని గుట్టపోసి వ్యాను వెళ్ళిపోయింది. ఆరొందల మంది ఆడపిల్లల వారం రోజుల బట్టలు. విప్పకముందే వాసన షెడ్డంతా కమ్మేసింది. సోమవారం ఎవరి పని వాళ్ళది కాదు. సబ్బు దగ్గరివాళ్ళు, ఇస్త్రీవాళ్ళు, మడతలవాళ్ళు అందరూ కలిసి మూటలు విప్పాలి. దానికి పూటకి వంద ఇస్తారు.

కోడలిది మడతల బల్ల. పదకొండేళ్ళుగా అదే బల్ల. వంద మడతలకి ముప్ఫై. చెయ్యి ఆగకుండా ఆడితే సాయంత్రానికి నాలుగొందల ఇరవై చేతికొస్తుంది. ఊడిన గుండీ కుడితే ఆ కుట్టుకి లెక్క లేదు. చిరుగు చూసుకోకుండా మడత పెడితే మాత్రం యాభై కోత. అందుకని ప్రతి చొక్కానీ మడవబోయేముందు వెలుతురుకి ఎత్తి, కాలరూ చేతి అంచులూ జేబూ ఒక్కసారి చూడ్డం ఆమెకి అలవాటైపోయింది. కాలరు లోపల ఎర్రదారంతో నంబరు కుట్టి ఉంటుంది. పేర్లుండవు. పదకొండేళ్ళలో ఆ కాలేజీ పిల్ల ఒక్కదాని మొహం కూడా ఆమె చూడలేదు. కానీ నంబర్లు చెబితే చాలు, ఎవరి మనసెలా ఉందో చెప్పగలదు.

నూట నలభై జేబు నిండా సిరా. ఐదొందల ఆరు ముక్కు చొక్కా చేతికే తుడుచుకుంటుంది, జలుబుకి కాదు, ఎండాకాలంలో కూడా. కాలర్లు కొరికేవాళ్ళు మొదట్లో నలుగురో ఐదుగురో ఉండేవారు. పరీక్షలు దగ్గరపడే కొద్దీ కొరికిన కాలర్లకి వేరే మూట కట్టాల్సొచ్చేది.

మూడొందల పన్నెండు ఎడమచేతి అంచు నమిలేది. దారాలు తేలి, పీచులా వేలాడేదాకా నమిలేది. కోడలు వారం వారం దాన్ని మడిచి కుట్టేది. ఆ పిల్ల దిండు గలీబు లోపలివైపు పెన్సిలుతో చిన్న అంకె ఒకటి ఉండేది. ఒక వారం రెండొందల పదకొండు. తర్వాత వారం రెండొందల నాలుగు. ఆ తర్వాత నూట తొంభై ఏడు. ఉతికితే పోయేది, మళ్ళీ కొత్తది వచ్చేది. ఇంటికెళ్ళే రోజు కోసం లెక్కపెట్టుకుంటోందని కోడలికి అర్థమైంది. నూట నలభై ఎనిమిది తర్వాత ఆ మూట రాలేదు.

నాలుగు వారాలు రాలేదు. ఆ సోమవారం వచ్చింది.

ఆమె ఆత్రంగా విప్పి చూసింది. చొక్కాలు కొత్తవి. రెండు సైజులు పెద్దవి. చేతి అంచులు కత్తిరించినట్టు నున్నగా ఉన్నాయి. గలీబు తిరగేసి చూస్తే తెల్లగా ఉంది.

"ఏమే, అంతసేపు చూస్తున్నావు, అది చొక్కానా పెళ్ళికొడుకా?" అంది పక్కనుంచి సబ్బు పిన్ని. నలభయ్యేళ్ళుగా సబ్బునీళ్ళలో నాని ఆవిడ వేళ్ళు ఎప్పుడూ ముడతలే.

"ఇది ఆ పిల్లది కాదు పిన్నీ. నంబరు అదే, మనిషి అది కాదు."

"అయితే ఏం చేద్దామంటావు? పిలిచి అడుగుదామా? నా మొగుడు పోయినప్పుడే నేను ఎందుకు పోయావని అడగలేదు."

కోడలు నవ్వలేదు. సూపర్‌వైజరు అటుగా వస్తే ఎదురెళ్ళి అడిగింది. "మూడొందల పన్నెండు ఏమైందండీ? ముందున్న పిల్ల?"

అతను ఫోనులోంచి తల ఎత్తలేదు. "మనది బట్టలుతికే పనమ్మా. హాజరు తీసే పని కాదు."

సరిగ్గా అప్పుడే బాయిలరు గదిలోంచి మామగారు వచ్చారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ బాయిలరుకి బొగ్గేసి, ఆవిరి పట్టి, ఆ పొగంతా ఊపిరితిత్తుల్లో నింపుకున్న మనిషి. నాలుగడుగులకోసారి ఆగి దగ్గుతారు. ఆ రోజు మాత్రం దగ్గుతూనే నవ్వుతున్నారు.

"అమ్మా, ఒక మంచిమాట చెబుతా, కూర్చో."

"కూర్చుంటే కోత మామయ్యా. నిలబడే వింటాను, చెప్పండి."

"నీ కూతురికి, మన వాగుడుకాయకి సీటొచ్చింది. ఇదిగో, ఈ కాలేజీలోనే." అంటూ కాలితో మూటల్ని చూపించారు.

కోడలి చేతిలో గలీబు అలాగే ఉండిపోయింది.

జరిగింది ఇది. కాలేజీవాళ్ళు లాండ్రీ కాంట్రాక్టు ఇంకో మూడేళ్ళు పొడిగించారు. ఆ సంతోషంలో లాండ్రీ మనుషుల పిల్లల్లో మంచి మార్కులొచ్చిన ఒక్కరికి సగం ఫీజుకి సీటిస్తామన్నారు. ఏడాదికి లక్షా ఎనభై వేల ఫీజు. అందులో సగం తొంభై వేలు, కోడలి కూలీలోంచి నెలనెలా పట్టుకుంటారు. శనివారం యజమాని మామగారిని తన గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ గదిలో కూర్చోమనడం అదే మొదటిసారి. ఆ కుర్చీలో కూర్చున్నాక ఆ పెద్దాయనకి కాదనడానికి నోరు రాలేదు. ఆదివారం ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, పెట్టెలోంచి మనవరాలి మార్కుల కాగితాలు తీసుకెళ్ళి కాలేజీ ఆఫీసులో ఇచ్చేసి వచ్చారు. అందరినీ ఒక్కసారిగా సంతోషపెడదామనుకున్నారు.

"జిరాక్సులే కదా మామయ్యా ఇచ్చింది?"

"అసలువే. అసలువి ఉంటేనే సీటు ఉంచుతామన్నారు."

"ఒరిజినల్సు ఇచ్చేశారా!"

"కంగారెందుకమ్మా? చీటీ ఇచ్చారుగా." చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన రసీదు తీసి చూపించారు. "వద్దనుకుంటే చీటీ ఇచ్చేస్తాం, కాగితాలు ఇచ్చేస్తారు. అంతేగా?"

ఆయన తప్పు ఆయనది కాదనాలి, ఆయన బతుకుది అనాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు లాండ్రీలో ఉన్న మనిషి. బట్ట ఇచ్చిన వాడికి చీటీ ఇస్తారు, చీటీ తెచ్చిన వాడికి బట్ట ఇస్తారు. రాజుగారి కోటు అయినా అంతే, కూలివాడి గావంచా అయినా అంతే. చీటీ చేతిలో ఉంటే సరుకు తనదేనన్నది ఆయనకి ఊపిరితో పాటు అబ్బిన నమ్మకం. వేరే రకం చీటీ కూడా ఒకటుంటుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

కోడలు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. ఎందుకంటే ఆ కాగితాలు గురువారం సాయంత్రం నాలుగులోపు ఇంకో చోట ఇవ్వాలి.

ఆ ఇంకో చోటు మంచినీళ్ళ ట్యాంకు వెనకున్న చిన్న కాలేజీ. రెండే భవనాలు, ఒకటి కురుస్తుంది. మోటార్లూ కరెంటూ నేర్పే చదువు. ఏడాదికి నాలుగువేల రెండొందలు. నలభై సీట్లు. దాన్ని కనిపెట్టింది పిల్లే.

పిల్లని ఇంటా బయటా వాగుడుకాయ అనే పిలుస్తారు. ఊరికే వాగదు. దానికి ఏదైనా నోట్లో పడితేగానీ బుర్రలోకి దిగదు. పుస్తకం ముందు మౌనంగా కూర్చోబెడితే గంటైనా ఒక్క ముక్క ఎక్కదు. లేచి నడుస్తూ, చేతులు తిప్పుతూ, ఎదురుగా ఎవరుంటే వాళ్ళకి పాఠం చెప్పడం మొదలుపెడితే మాత్రం ఒక్కసారికే వచ్చేస్తుంది. సెలవుల్లో లాండ్రీకి వచ్చి తల్లికి సాయం పట్టేది. దుప్పటి మడతకి ఇద్దరు కావాలి. రెండు కొసలు తల్లి, రెండు కొసలు కూతురు పట్టుకుని, దగ్గరికొస్తూ దూరం జరుగుతూ మడిచేవాళ్ళు. దగ్గరికొచ్చినప్పుడల్లా పిల్ల ఒక ముక్క చెప్పేది. అలా దుప్పట్ల మధ్య కోడలికి ఫ్యూజు ఎందుకు పోతుందో, మోటారు లోపల తీగ ఎందుకు చుడతారో తెలిసిపోయింది. "నీకు మార్కులొస్తే సగం నాకివ్వాలే" అనేది సబ్బు పిన్ని, "వినలేక నా చెవులు రెండూ నీకే రాసిచ్చేశాను."

చిన్న కాలేజీ చూడ్డానికి తల్లీ కూతుళ్ళిద్దరే వెళ్ళారు. అక్కడొక ముసలి మాస్టారు, కళ్ళజోడు ఒక కాడకి దారం కట్టుకుని ఉన్నాడు. దరఖాస్తు చూడకుండానే పిల్ల ముందు కాలిపోయిన మోటారు ఒకటి పెట్టి, ఇదేంటో చెప్పమన్నాడు. పిల్ల దాన్ని విప్పడం మొదలుపెట్టింది, నోరూ విప్పింది. అరగంట. మాస్టారు మధ్యలో కోడలి వైపు తిరిగి, "ఈ పిల్లని ఆగమని చెప్పేవాళ్ళు ఎవరూ లేరా అమ్మా?" అన్నాడు. ఆమె సిగ్గుపడిపోయి, "లేరండీ" అంది. "మంచిది. నేనూ చెప్పను. ఇక్కడ నోరు విప్పి చెప్పలేనివాడికే మార్కులుండవు" అన్నాడు. గురువారం నాలుగింటికి అసలు కాగితాలు రాకపోతే సీటు తర్వాతివాళ్ళకి పోతుందని, అది తన చేతిలో లేదని కూడా చెప్పాడు.

ఆ రోజు తిరిగొస్తూ పిల్ల ఒక్క మాటే అంది. "అమ్మా, నన్ను నోరు ముయ్యమనని బడి ఒకటుందే."

సోమవారం సాయంత్రం మామగారి కొడుకు, కోడలి మొగుడు, ఫోను చేశాడు. లారీ డ్రైవరు. ఇంటికొచ్చి పంతొమ్మిది రోజులైంది. సీటు సంగతి మామగారు అప్పటికే చెప్పేశారు. కోడలు ఫోను స్పీకరులో పెట్టి రేకు బీరువా మీద ఉంచింది. లారీ హోరు గదంతా నిండింది.

"విన్నావా? ఆ కాలేజీ బోర్డులు నేను ప్రతి ఊళ్ళోనూ చూస్తాను. ఫొటోలేసి, ర్యాంకులేసి. ఒక్కసారైనా మనవాళ్ళ మొహం అక్కడ పడుతుందా అనుకునేవాడిని."

"ఏవండీ, ఒక్కమాట వినండి. అక్కడ పిల్లలు..."

"పిల్లలు చదువుతారు. అదే కదా అక్కడ చేసేది?"

"చేతులు నములుకుంటున్నారండీ. నేను చూస్తున్నాగా బట్టలు. పిల్ల మోటార్ల కాలేజీలో చేరతానంటోంది."

అటువైపు నవ్వు. "నీకు బట్టలు తప్ప ఏం కనిపిస్తాయి? ఆడపిల్ల మోటార్లు విప్పుకుంటూ బతకాలా? చేతికి నూనె అంటితే అది జన్మకి వదలదు, నన్నడుగు. నాన్న కష్టపడి తెచ్చిన అవకాశం, నువ్వు కాలదన్నకు. పిల్లకివ్వు ఫోను."

పిల్ల బీరువా దగ్గరికొచ్చి నిలబడింది.

"ఏమ్మా, వెళతావుగా?"

పిల్ల తాత వైపు చూసింది. తాత మొహంలో ఆ కుర్చీలో కూర్చొచ్చిన వెలుగు ఇంకా ఉంది. దాన్ని ఆర్పడానికి దానికి మనసు రాలేదు. అలాగని అవుననడానికీ నోరు రాలేదు. అంత వాగుడుకాయా నిలబడి గోడ గీకింది.

"సిగ్గుపడుతోంది" అన్నాడు కొడుకు సంతోషంగా, ఫోను పెట్టేశాడు.

మంగళవారమంతా పిల్ల మాట్లాడలేదు. అన్నం తింది, గిన్నెలు కడిగింది, కిటికీ దగ్గర పుస్తకం పట్టుకుని కూర్చుంది. పెదాలు మూసి చదవడం నేర్చుకుంటోంది. పేజీ తిప్పింది, మళ్ళీ వెనక్కి తిప్పింది, మళ్ళీ తిప్పింది. కోడలు గుమ్మంలో నిలబడి అది చూసింది. ఆ మధ్యాహ్నం లాండ్రీకి వెళ్ళి, బుధవారం ఉతికిన మూటలు దించడానికి వ్యానుతో పాటు తనని పంపమని అడిగింది. మోసే పనికి ఎక్కువ ఇవ్వనన్నాడు సూపర్‌వైజరు. వద్దు, ఊరికే మోస్తానంది. ఆ రాత్రి మామగారికి గురువారం గడువు సంగతి చెబితే, చీటీ ఉందిగా, ఇచ్చేసి కాగితాలు తెచ్చుకుందాం, పిల్లని తీసుకుని నేనూ ఆఫీసుకొస్తానన్నారు.

ఫీజు కట్టే తల్లిదండ్రుల్ని ఆ కాలేజీ హాస్టల్లోకి రానివ్వరు. బట్టలు మోసేవాళ్ళకి వెనకతలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

బుధవారం పది గంటలకి ఆమె ఆ తలుపులోంచి లోపలికి వెళ్ళింది. పొడుగాటి వరండా. ఒకవైపు గదులు, గదికి ఇరవై నాలుగు మంచాలు, మంచం మీద తను మడిచిన దుప్పట్లే. ఇంకోవైపు అద్దాల హాలు. లోపల రెండొందల మంది తలలు వంచుకుని కూర్చున్నారు. బయట బల్లి అరిచినా వినిపించేంత నిశ్శబ్దం. కిటికీలకి ఊచలు, ఊచల మీద వల. మేడ మీదికి వెళ్ళే మెట్లు సగంలో ఇటుకలు పెట్టి మూసేసి ఉన్నాయి. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది.

"మౌనం టైము. గొంతు లేవకూడదు" అని చెప్పింది వార్డెనమ్మ, గొంతు లేపి.

మూటలు తీసుకోవడానికి పిల్లలు వరసగా వచ్చారు. ఎవరూ నంబరు చెప్పరు. దగ్గరికొచ్చి, వెనక్కి తిరిగి, కాలరు మడిచి చూపిస్తారు. అందులో ఎర్రదారం అంకె చూసి మూట ఇవ్వాలి. కోడలు ఒక్కొక్క మెడా చూసి మూట ఇస్తోంది. మూట అందుకోవడానికి తిరిగినప్పుడు మొహం కనిపిస్తోంది. నూట నలభై ఇంత చిన్న పిల్ల, ముక్కు మీద మచ్చ. నీ జేబు కుట్టింది నేనేనమ్మా అనబోయి పెదవి కొరుక్కుంది. ఐదొందల ఆరు కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కోడలి భుజం మీదుగా తెరిచిన తలుపు వైపే చూస్తోంది. పదకొండేళ్ళు మెడల్లేని కాలర్లు చూసిన మనిషికి, ఆ కాలర్లలోంచి ఒక్కొక్క మొహమే మొలుచుకొచ్చింది.

తర్వాత మెడ మీద మూడొందల పన్నెండు.

మూట ఇస్తూ ఊపిరితోనే అడిగింది. "నీకు ముందు ఈ నంబరున్న అమ్మాయి ఏదమ్మా?"

పిల్ల వార్డెనమ్మ వైపు చూసింది. మూట గుండెకి అదుముకుంది. "నా ముందు ఎవరూ లేరన్నారు." రెండడుగులు వేసి, దుప్పటి సర్దుకుంటున్నట్టు ఆగింది. "మీకు తెలిస్తే నాకు కూడా చెప్పండి ఆంటీ."

అక్కణ్ణుంచి కోడలు సరాసరి ముందువైపు ఆఫీసుకొచ్చింది. అనుకున్న ప్రకారం మామగారూ పిల్లా అక్కడ బెంచీ మీద ఉన్నారు. హాలు నిండా తల్లిదండ్రులు. ఇస్త్రీ చొక్కాలు, అరువు తెచ్చుకున్న బ్యాగులు, చేతుల్లో పెన్నులు. మామగారు కిటికీ దగ్గరికెళ్ళి, నాలుగు మడతల రసీదు విప్పి, అరచేత్తో సాపు చేసి లోపలికి తోశారు.

"ఇదిగో బాబూ చీటీ. మా కాగితాలు ఇచ్చెయ్యండి."

గుమాస్తా కుర్రాడేం కాదు, నెత్తి పలచబడ్డ మనిషి. రసీదు చూసి మర్యాదగానే చెప్పాడు. "ఇది కాగితాలు మాకు ముట్టినట్టు పెద్దాయనా. తిరిగిస్తామని కాదు. సీటు వదులుకుంటే రెండేళ్ళ పూర్తి ఫీజు కట్టి తీసుకెళ్ళాలి."

"పూర్తి ఫీజంటే?"

"మూడు లక్షల అరవై వేలు."

మామగారు ఆ రసీదు వెనక్కి తీసుకుని, తిప్పి చూశారు, వెనకవైపు ఏమైనా ఉందేమోనని. ఏమీ లేదు. "చీటీ ఇచ్చి సరుకు ఇవ్వకపోవడమేంటి బాబూ?" అన్నారు మెల్లగా. ఆ ప్రశ్నకి హాల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"ఎందుకు వదులుకోవడం? సగం ఫీజు సీటు. ఇక్కడ సంతకం పెడితే ఇవాళే చేరిపోవచ్చు." గుమాస్తా మూడు పేజీల ఫారం కోడలి ముందుకు జరిపాడు. "చదవక్కర్లేదమ్మా. అందరికీ ఒకటే. కింద పెట్టండి చాలు."

కోడలికి తన పేరు రాయడం వచ్చు, కూతురే నేర్పింది. అంతకు మించి రాదు. ఫారం తీసి పిల్ల చేతికిచ్చింది.

"చదువు."

పిల్ల పెదాలు కదపకుండా చూడబోయింది.

"అలా కాదు. నువ్వు చదివినట్టు చదువు."

రెండ్రోజులుగా మూతపడ్డ నోరు. మొదటి మాట బొంగురుగా వచ్చింది. రెండో వాక్యానికి లేచి నిలబడింది. మూడో దానికి నడవడం మొదలుపెట్టింది. నెలకి ఒక్కసారి, అరగంట మాత్రమే తల్లిదండ్రులు చూడవచ్చును. మౌన సమయంలో మాట్లాడినచో రెండు వందలు జరిమానా. ఉత్తరాలు, ఫోన్లు వార్డెన్ సమక్షంలో మాత్రమే. మధ్యలో మానివేసినచో రెండేళ్ళ ఫీజు చెల్లించవలెను. హాల్లో మాటలు తగ్గిపోయాయి. పెన్నులు పట్టుకున్నవాళ్ళు తలలెత్తారు.

"అమ్మాయ్, మెల్లగా చదువుకో" అన్నాడు గుమాస్తా.

"దానికి మెల్లగా రాదండీ" అంది కోడలు. "కానివ్వు."

మూడో పేజీ చివర పిల్ల ఆగింది. ఆగి, చదివింది. "విద్యార్థిని ఆరోగ్యమునకు గానీ ప్రాణమునకు గానీ ఏ విధమైన హాని జరిగినను సంస్థకు బాధ్యత లేదని, ఎవరినీ ప్రశ్నించబోమని మేము ఇష్టపూర్వకముగా అంగీకరించుచున్నాము."

ముందు వరసలో ఒక తండ్రి పెన్నుకి మూత పెట్టాడు. పక్కన భార్య అతని మోచెయ్యి పట్టుకుంది. కాసేపు ఇద్దరూ కూతురి వైపు చూశారు, గోడ మీది ర్యాంకుల ఫొటోల వైపు చూశారు. అతను మూత తీశాడు. సంతకం పెట్టాడు. ఒకరి తర్వాత ఒకరు మళ్ళీ కాగితాల మీదికి వంగారు.

గుమాస్తా పెన్ను కోడలి ముందు పెట్టాడు. "మీరూ పెట్టేయండి."

"మూడొందల పన్నెండు ఏమైంది?"

"ఏంటి?"

"మీ హాస్టల్లో ఆ నంబరు పిల్ల. ఏడాది పాటు దాని చేతి అంచు నేను కుట్టాను. అదేమైందో చెప్పండి, పెడతాను."

గుమాస్తా మొహంలో రంగు మారింది. ఆ ఒక్క క్షణంలో ఆమెకి కావలసింది దొరికింది, దొరక్కుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

"అవన్నీ మీకనవసరం."

"ప్రశ్నించబోమని రాశారుగా. అయితే నేను పెట్టను."

"పెట్టకపోతే కాగితాలు రావు."

"నా పిల్ల నా దగ్గరుంటుంది."

గుమాస్తా ఎవరికో ఫోను చేశాడు. రెండు నిమిషాల్లో లాండ్రీ యజమాని గొంతు స్పీకరులో మోగింది. "ఒళ్ళు కొవ్వెక్కిందా? నేను మాటిచ్చి తెచ్చిన సీటు! సంతకం పెట్టకపోతే రేపట్నుంచి నీకు పని లేదు. మీ మామకీ లేదు. ఏం బాయిలరయ్యా, ముప్ఫై ఏళ్ళు అన్నం పెట్టినందుకు ఇదా?"

మామగారు మాట కూడదీసుకున్నారు. ఆయనకి మాట నిదానం. బొగ్గేసింది నేనని, కుర్చీ వేసింది ఒక్కసారేనని చెప్పాలనుకున్నారు. దగ్గు అడ్డొచ్చింది. అది తగ్గేలోపు ఫోను ఆగిపోయింది.

గుమాస్తా దరఖాస్తులో ఇంకో ఫోను నంబరు చూశాడు. "తండ్రి సంతకమైనా చాలు." ఆ ఫోనూ స్పీకరులోనే పెట్టాడు, అందరూ వినాలని. కొడుకు గొంతు, లారీ హోరు. "అయ్యో, క్షమించండి సారూ, ఆవిడకి తెలీదు. సీటు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. రేపు పొద్దున పదింటికల్లా నేనే వచ్చి పెడతాను."

పిల్ల చేతిలో ఫారం ఇంకా ఉంది. దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి తల్లి పక్కన నిలబడింది. కోడలు వెంటనే మొగుడికి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఐదోసారికి ఫోను పూర్తిగా ఆపేసి ఉంది.

ఆమె వెళ్ళి గోడవార బెంచీ మీద కూర్చుంది. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది.

"కాగితాలు ఇచ్చేదాకా లేవం."

"ఐదింటికి ఆఫీసు మూసేస్తాం."

"మూసుకోండి. మెట్ల మీద కూర్చుంటాం. అక్కడ మాట్లాడుకోవచ్చుగా, జరిమానా లేదుగా?" తర్వాత మామగారి వైపు తిరిగింది. "మీరు ఇంటికెళ్ళండి మామయ్యా. ఈ దుమ్ములో కూర్చోలేరు. ఆయన నా ఫోను ఎత్తడు. మీది ఎత్తుతాడు."

"నేను నోరు తెరిచేలోపు వాడు పది మాటలంటాడమ్మా."

"అయితే రాయించండి. కాగితం మీదుంటే మధ్యలో అడ్డురాడు."

ఆయన మెట్లు దిగుతూ వెనక్కి చూశారు. తల్లీ కూతుళ్ళు బెంచీ మీద ఆనుకుని కూర్చున్నారు. పిల్ల ఏదో చెబుతోంది. చేతులు తిప్పుతోంది.

అంతే తల్లీ. ఇదంతా ఇవాళ మధ్యాహ్నం సంగతి. ఇప్పుడు వాళ్ళు మెట్ల మీద ఉంటారు. వాళ్ళకి ఇంత అన్నం, ఒక దుప్పటి నువ్వే పట్టుకెళ్ళాలి. మీ అన్నయ్య తెల్లారి ఆరింటికి టోల్‌గేటు దగ్గర టీకి ఆగుతాడు, అప్పుడు ఫోను ఆన్ చేస్తాడు. నా ఫోనులోంచే చెయ్యి, నేననుకుని ఎత్తుతాడు. ఎత్తగానే పలకరింపులు పెట్టుకోకుండా ఇది మొదట్నుంచి చదువు. తిడితే తిట్టనీ, చదువుతూనే ఉండు. కాగితాలు అడక్కుండా ఇచ్చిన ముసలివాణ్ణి తిట్టమను, ఆమెని కాదు. అంతా విన్నాక కూడా సంతకం పెడతాననే అంటే, అప్పుడు ఫోను నా చేతికివ్వు.